కొత్త తోలు బూట్లు కరవకుండా: మోటారు సైకిలు బూట్లను కాలికి అలవాటు చేసే పద్ధతి

కొత్త చెప్పు కరుస్తుందన్న సంగతి మనకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. అయితే కరిచిన చెప్పును చేతపట్టుకుని నాలుగడుగులు ఉత్తకాళ్ళతో నడవవచ్చు గాని, బండి మీద ఉన్నప్పుడు కరిచే బూటును విడిచే వీలుండదు. మడమ మండుతూ ఉంటే ఎడమ కాలు గేరు మీదికి, కుడి కాలు బ్రేకు మీదికి ఒక క్షణం ఆలస్యంగా వెళ్తాయి. ఆ ఒక్క క్షణం ఘాటు మలుపులో ఎంత విలువైనదో బండి నడిపేవారికి వేరే చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ళ కిందట నేను దసరాకు బూట్లు కొని, మూడో రోజునే వాటితో విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఘాటు ఎక్కాను. అనంతగిరి కాఫీ తోటల దగ్గర దిగేసరికి రెండు మడమల వెనుకా బొబ్బలు లేచి, చితికి, మేజోళ్ళు చర్మానికి అంటుకుపోయాయి. తిరుగు ప్రయాణంలో బూట్లు సంచిలో ఉన్నాయి, నా కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉన్నాయి. కాళ్ళను కాపాడుకోవడానికి వేల రూపాయలు పోసి కొన్నవాటిని సంచిలో మోసుకుంటూ, ఘాటు దిగినంతసేపూ వేళ్ళు బయటపెట్టుకుని వచ్చాను. బూట్లలో దోషమేమీ లేదు. అవే బూట్లను తరువాత నెల రోజులు ఓపికగా తొడిగి ఇప్పటికీ వాడుతున్నాను.

ఆ నెల రోజుల్లో నాకు తెలిసివచ్చిన ముఖ్యమైన విషయం ఒకటుంది. బండి బూటులో మెత్తబడవలసిన చోట్లు రెండే. వేళ్ళు మొదలయ్యే చోట మీగాలి మీద అడ్డంగా పడే మడత మొదటిది. చీలమండకు ముందు, బూటు నాలుక దగ్గర పడే మడత రెండవది. వేళ్ళ మీది గట్టి టోపీ, మడమను పట్టి ఉంచే గిన్నెలాంటి భాగం, చీలమండకు ఇరువైపులా ఉండే రక్షణ పలకలు, అడుగు పొరల మధ్య దాగి ఉండే ఉక్కు బద్ద లేదా గట్టి ప్లాస్టిక్కు బద్ద ఎప్పటికీ మెత్తబడకూడదు. మోటారు సైకిలు బూట్ల కోసం ఐరోపాలో ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. ఆ ప్రమాణానికి నిలిచిన బూటు లోపలి చీటీ మీద 1 గాని 2 గాని అంకెలు వరుసగా ఉంటాయి. ఆ వరుసలో ఒక అంకె, బండి పక్కకు పడి పాదం దాని కింద నలిగినప్పుడు బూటు అడ్డంగా ఎంతవరకు కుంగకుండా నిలుస్తుందో తెలుపుతుంది. అంటే మనం డబ్బు పోసి కొన్నది ఆ గట్టిదనాన్నే. బూటు మొత్తాన్ని గుడ్డలా నలిపి మెత్తన చేయాలని చూసేవారు, కొన్న సరుకును తామే పారేసుకుంటున్నారు.

కొలత తప్పితే అలవాటు లేదు

బూటు అలవాటు కావడానికీ, చిన్న బూటు పెద్దది కావడానికీ చాలా తేడా ఉంది. తోలు వెడల్పులో కొద్దిగా సాగుతుంది. పొడవులో సాగదు, ఎందుకంటే అడుగుభాగం దాన్ని బిగించి ఉంచుతుంది. “ఒక సైజు తక్కువ తీసుకోండి, తోలు కదా, వాడగా వాడగా సాగుతుంది” అని నాకు చెప్పిన దుకాణదారుడు ఒకరున్నారు. ఆయన మాట విని కొన్న జత ఏడాది తిరగకుండానే మా తమ్ముడి కాళ్ళకు వెళ్ళింది.

పాదాలు పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండవు. రోజంతా నిలబడి, నడిచిన తరువాత కొంత ఉబ్బుతాయి. మన తీర ప్రాంతపు ఎండల్లో ఆ ఉబ్బు ఇంకాస్త ఎక్కువే. అందుచేత బూటును సాయంత్రం పూట, బండి మీద వేసుకోదలచిన మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు దాదాపు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఆ పొడవాటి వేలు అందరికీ బొటనవేలే కానక్కరలేదు. నడిచినప్పుడు మడమ 5, 6 మిల్లీమీటర్లు పైకి లేస్తే కంగారు పడనక్కరలేదు. అడుగు వంగడం మొదలైన తరువాత ఆ కదలిక తగ్గుతుంది. కాని చిటికెన వేలు పక్కకు నొక్కుకుపోతున్నా, వేళ్ళ మీది గట్టి టోపీ అంచు వేలి కణుపు మీద కూర్చుంటున్నా ఆ బూటును వెనక్కి ఇచ్చేయడమే మంచిది, ఎందుకంటే ఆ టోపీ ఏ నూనెకూ ఏ ఓపికకూ లొంగదు. నిలబడి చూడడంతో సరిపెట్టుకోకుండా, బండి మీద కూర్చుని మోకాళ్ళు వంచి కూడా చూడాలి. నిలువునా బాగున్న పొడుగు బూటు, కూర్చోగానే పిక్క వెనుక కోసుకునే సందర్భాలు ఉంటాయి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారు, వెనక్కి ఇచ్చే గడువు ముగిసేదాకా చాప మీదో, శుభ్రమైన గచ్చు మీదో మాత్రమే తొడగాలి. నూనె చుక్క పడిన బూటును ఎవరూ తిరిగి తీసుకోరు.

ఆముదం గురించి

కొత్త బూటు అనగానే ఇంట్లో పెద్దలు చెప్పే మొదటి మాట ఆముదం రాయమని. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. పూర్వం మన ఊళ్ళలో కుట్టిన కిర్రు చెప్పుల తోలును తంగేడు వంటి చెట్ల బెరడుతో పదును చేసేవారు. ఆ తోలు మీద రంగు పూత ఉండేది కాదు. రంధ్రాలు తెరుచుకుని ఉండేవి. ఆముదంలో నానితే పోగుల దాకా నూనె దిగి, చెప్పు మెత్తబడి, నీటికి కూడా కొంత ఓర్చుకునేది. ఈనాటి బండి బూట్ల తోలు చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసినది. కార్ఖానాలోనే దానికి కావలసిన కొవ్వును పట్టించి, పైన రంగుతో కూడిన సన్నని పూత వేస్తారు. దాని మీద ఆముదం రాస్తే లోపలికి దిగవలసినంత దిగదు. చిక్కటి నూనె గనుక పైన జిగురుగా నిలిచి, మన ఎర్రమట్టి దారుల దుమ్మునంతా పట్టి, కుట్ల వెంట నల్లటి ముద్దగా పేరుకుంటుంది. కొబ్బరినూనె మరో రకం చిక్కు తెస్తుంది. అది కొంతకాలానికి మక్కిన వాసన కొట్టవచ్చు, చలికాలపు తెల్లవారుజామున గడ్డ కడుతుంది.

తోలు కోసమే చేసిన, తేనెమైనం గాని కొవ్వు గాని కలిసిన కండిషనరును చాలా కొద్దిగా వాడటం ఉత్తమం. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, ముందు నాలుక లోపలి అంచున చిన్న చుక్క రాసి ఒక రోజు ఆగి చూడాలి, ఎందుకంటే దాదాపు ప్రతి కండిషనరూ తోలు రంగును కొంత ముదురు చేస్తుంది. రంగు సమ్మతమైతే, శనగగింజంత ముద్దను వేలితో తీసుకుని పైన చెప్పిన రెండు మడతల దగ్గర మాత్రమే పలచగా రుద్ది, రాత్రంతా వదిలి, పొద్దున్నే మెత్తటి గుడ్డతో మిగులును తుడిచివేయాలి. మొదటి నెలలో ఇలా ఒకసారి, అవసరమనిపిస్తే రెండుసార్లు చేస్తే చాలు. మడమ గిన్నె మీద రాయవద్దు. నూగు తోలు బూట్లకైతే, అంటే స్వెడ్, నూబక్ రకాలకు, మైనం కలిసిన ముద్దలు అసలు పనికిరావు. నూగు అణిగిపోయి మరకలు పడతాయి. లోపల నీరు చొరని పొర ఉన్న బూట్లకు తయారీదారు ఏది వాడమంటే అదే వాడాలి. నూనెతో తడిసిన తోలు గాలి ఆడనివ్వక, ఆ పొర ఉండి కూడా లోపల చెమట నిలిచిపోతుంది.

ఇంట్లో మొదటి పది రోజులు

తొడగక ముందు బూటును రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు వంగే చోట మెల్లగా ఇరవై, ముప్పైసార్లు వంచాలి. అడుగు సహజంగా ఎక్కడ వంగుతుందో అక్కడే వంచాలి. మధ్యలో, బద్ద ఉన్న చోట, బలవంతాన విరిచినట్టు వంచితే లోపలి బద్ద పొరల నుంచి ఊడుతుంది. మొదటి మడత ఎక్కడ పడితే తోలు జీవితమంతా అక్కడే వంగుతుంది గనుక, ఆ మడత కాలి వేళ్ళ వంపుకు సరిగ్గా మీద పడేటట్టు చూసుకోవడం మొదటి రోజు చేయవలసిన పని. అందుకు, బూటు తొడిగి తాళ్ళు కట్టే ముందు మడమను నేలకు రెండుసార్లు తట్టి పాదాన్ని వెనక్కి జరుపుకోవాలి. తరువాత వేళ్ళ వైపు తాళ్ళను వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి. పాదం ముందుకు జారకుండా చీలమండ దగ్గర నిలిస్తే మడమ ఒరిపిడి సగం తగ్గుతుంది. జిప్పు ఉన్న బూట్లలో, తోలు బిర్రుగా ఉన్నప్పుడు జిప్పును గుంజవద్దు. ఒక చేత్తో రెండు అంచులనూ దగ్గరకు పట్టి, రెండో చేత్తో పైకి లాగాలి.

మొదటి రెండు రోజులు 20 నిమిషాలు, తరువాత అరగంట, వారం తిరిగేసరికి గంట చొప్పున ఇంట్లోనే తిరగాలి. నేరుగా నడిస్తే మీగాలి మడత ఒక్కటే లొంగుతుంది. చీలమండ ముందున్న మడత కోసం మేడ మెట్లు ఎక్కి దిగడం, గొంతుక్కూర్చుని లేవడం అవసరం. టీవీ చూస్తూ కుర్చీలో కూర్చుని గంటలు లెక్కపెట్టుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఎంతసేపు తొడిగామన్నదాని కంటే ఎన్నిసార్లు వంచామన్నదే తోలుకు లెక్క.

మేజోళ్ళ విషయంలో నేను రెండు జతల పద్ధతిని నమ్ముతాను: లోపల పలచనివి, పైన కొంచెం మందమైనవి. రాపిడి రెండు మేజోళ్ళ మధ్య జరిగిపోయి చర్మం దాకా రాదు. కొలిచేటప్పుడే ఆ రెండు జతలూ వేసుకుని ఉండాలని మరచిపోవద్దు. ఉత్త నూలు మేజోళ్ళు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి. తడిసిన చర్మం మెత్తబడి తొందరగా బొబ్బలెక్కుతుంది గనుక ఉన్ని గాని, సింథటిక్ దారం గాని కలిసినవి మేలు. ఏ రోజైనా ఒకచోట వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే ఆ రోజుకు అక్కడితో ఆపి, ఆ చోటును గుర్తు పెట్టుకుని, మరునాడు బూటు తొడగక ముందే అక్కడ ఆసుపత్రి టేపు ముక్కను ముడత లేకుండా అంటించాలి. బొబ్బ లేచాక అంటించే టేపు కంటే లేవకముందు అంటించిన టేపు పదింతలు పని చేస్తుంది. బొబ్బ లేచినట్టయితే గుచ్చి నీరు తీయవద్దు. దానంతట అదే చితికితే శుభ్రంగా కడిగి, మూతకట్టు కట్టి, మానేదాకా బూటు జోలికి పోవద్దు. మధుమేహం ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి, బూటు కరుస్తున్న సంగతి తెలియకపోవచ్చు. వారు తొడిగిన ప్రతిసారీ పాదాలను కళ్ళతో చూసుకోవాలి. చిన్న పుండైనా కనబడితే వైద్యునికి చూపించాలి.

బండి మీద

తోలు ఒక మాదిరిగా వంగడం మొదలుపెట్టిన తరువాత కూడా నేరుగా రోడ్డెక్కకూడదు. ఇప్పటిదాకా చెప్పులతోనో, పలుచని బూట్లతోనో గేర్లు మార్చిన కాలికి, మందపాటి ముక్కున్న బూటుతో గేరు లీవరు ఎక్కడుందో తెలియదు. బండిని స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి, పాదాన్ని ఫుట్‌రెస్టు మీద పెట్టి బూటు ముక్కు లీవరు కిందికి సులువుగా దూరుతోందో లేదో చూడాలి. దూరడానికి చీలమండను మెలితిప్పవలసి వస్తే తప్పు బూటుది కాదు, లీవరు ఎత్తును మార్చుకోవాలి. లీవరు పళ్ళున్న ఇరుసు మీద కూర్చున్న బండ్లలో బోల్టు వదులు చేసి ఒక పన్ను పైకి జరపవచ్చు. సన్నని కడ్డీతో కలిపిన బండ్లలో రెండు చివరల నట్లు వదులు చేసి కడ్డీని తిప్పితే సరిపోతుంది. కుడివైపు బ్రేకు పెడలు ఎత్తును మాత్రం మెకానిక్కు చేతనే సరిచేయించాలి, ఎందుకంటే దానితోపాటు బ్రేకు వదులునూ, వెనుక దీపం స్విచ్చునూ కూడా సరిచూడాలి. మందమైన అడుగు వల్ల, పాదం పెడలు మీద ఆని ఉన్న సంగతి కొత్తలో తెలియదు. వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది, బ్రేకు వేడెక్కుతూనే ఉంటుంది. మొదటి రోజుల్లో వెనుక వచ్చే స్నేహితుని ఆ దీపం మీద కన్నేసి ఉంచమని అడగడం మంచిది. ముందు వేలితో, వెనుక మడమతో నొక్కే జంట లీవరు ఉన్న బుల్లెట్ వంటి బండ్లవారికి కొంత వెసులుబాటు ఉంది. పై గేర్లకు మడమతో నొక్కవచ్చు గనుక బూటు ముక్కు మీద గీతలు పడవు.

విజయనగరంలో ఉన్నవారు తెల్లవారుజామున, నడిచేవారు రాకముందు, అయోధ్య మైదానం పక్క వీధుల్లో పది నిమిషాలు తిరిగి, న్యూట్రల్ దొరకబుచ్చుకోవడం, ఆపి కాలు దింపడం, తిరిగి కదలడం సాధన చేయవచ్చు. తాళ్ళ చివరలు లీవరుకు చిక్కకుండా లోపలికి దోపుకోవాలి. ఇది చిన్న మాటలా వినబడుతుంది గాని, ఆగినప్పుడు ఎడమ కాలు నేల మీదికి రాకపోతే బండితో సహా పక్కకు పడిపోవడమే.

ఆ తరువాత దూరాన్ని మెల్లగా పెంచాలి. నా లెక్కలో మొదటి మజిలీ రామతీర్థం. విజయనగరం నుంచి 12 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇంకో సౌకర్యం ఏమిటంటే, గుడి దగ్గర బూట్లు విప్పక తప్పదు. మధ్యలో పాదాలకు గాలి ఆడుతుంది, ఎక్కడ కమిలిందో చూసుకోవడానికి వీలవుతుంది. రెండవది చింతపల్లి తీరం. మూడవదిగా జాతీయ రహదారి 16 మీద శ్రీకాకుళం, దాదాపు 70 కిలోమీటర్లు. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తిని చూసి రావచ్చు. అక్కడ బూట్లను ఎండలో వదిలి లోపలికి వెళ్ళినవారికి ఆ దేవుని ప్రతాపం తిరిగి తొడిగేటప్పుడు తెలుస్తుంది, కాబట్టి నీడ చూసుకుని విప్పాలి. సాలూరు ఘాటైనా, అరకు ఘాటైనా ఈ మూడూ అయిన తరువాతే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రహదారి మీద గంటసేపు ఒకే గేరులో వెళ్తే బూటు దాదాపు వంగనే వంగదు. పాదం ఫుట్‌రెస్టు మీద బొమ్మలా కూర్చుని ఉంటుంది. గంటస్తంభం చుట్టూ బజారులో పావుగంట తిరిగితే ఎడమ బూటు వందసార్లు వంగుతుంది. కుడి బూటుకు అంత పని లేదు. కాబట్టి బండి మీదే అలవాటు చేసుకున్నవారికి ఎడమది ముందు లొంగి, కుడిది మొండికేస్తుంది. ఈ తేడా రాకుండా ఉండాలంటే నడకను మానకూడదు. దిగిన ప్రతిచోటా నాలుగడుగులు నడవాలి.

చేయకూడనివి

బూటును నీళ్ళలో నానబెట్టి కాలి మీదే ఆరనివ్వడం, హెయిర్ డ్రయ్యరు పెట్టడం, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండబెట్టడం, నీళ్ళ సంచులు లోపల పెట్టి ఫ్రీజరులో ఉంచడం అనే నాలుగు చిట్కాలూ నష్టమే తెస్తాయి. తోలు అంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక. తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే ఆ పోగులు ముడుచుకుపోతాయి. సాగవలసినది బిగుసుకుని, ఆరిన తరువాత పెళుసుబారి పగుళ్ళిస్తుంది. అడుగును అంటించిన జిగురు కూడా వేడికి పట్టు వదులుతుంది. గడ్డకట్టి ఉబ్బిన నీరు తోలును మాత్రమే సాగదీయదు, కుట్లను కూడా తెంపుతుంది.

పది రోజులైనా ఒకే చోట, సాధారణంగా బొటనవేలి మొదట్లోని ఎముక మీదో, చిటికెన వేలి పక్కనో, నొక్కుతూ ఉంటే, ఆ చోట బూటు మీద సుద్దతో గుర్తు పెట్టి చెప్పులు కుట్టే అనుభవజ్ఞుని దగ్గరకు తీసుకెళ్ళాలి. ఆయన కర్ర అచ్చును లోపల దూర్చి, ఆ ఒక్క చోటనే రెండు రోజులు సాగదీసి ఇస్తాడు. రక్షణ పలక మీద గాని, కుట్టు మీద గాని సాగదీయవద్దని ముందే చెప్పాలి.

వానకు తడిసి వస్తే లోపలి అట్టను బయటికి తీసి, పాత వార్తాపత్రికలను ఉండలు చుట్టి బూటు నిండా కూరి, రెండు గంటలకోసారి మారుస్తూ ఫ్యాను కింద ఆరబెట్టాలి. చింతపల్లి, కళింగపట్నం వంటి చోట్ల ఉప్పునీరు తగిలితే ముందు మంచినీటి తడిగుడ్డతో తుడవాలి. తెల్లటి ఉప్పు చారలు ఆరనిస్తే తోలును పీడిస్తాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా మన గాలిలో తేమ ఎక్కువ గనుక బీరువాలో దాచిన బూటు బూజు పడుతుంది. పడితే ఆరుబయట పొడి గుడ్డతో దులిపి, సగం నీళ్ళు కలిపిన వెనిగరులో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. బాగున్నాయి కదా అని వాడకుండా ఏళ్ళ తరబడి దాచినా ముప్పే. పాలీయూరిథేన్ అడుగు ఉన్న బూట్లలో, ఆ పదార్థం గాలిలోని తేమతో కలిసి లోలోపలే చివికి, ఒకనాడు తొడగగానే బెల్లం అచ్చులా రాలిపోతుంది.

బూటు అలవాటైందని తెలిసేది ఇలా: మీగాలి మీద రెండో మూడో సన్నని గీతలు స్థిరపడతాయి; మడమ లేవడం దాదాపు ఆగిపోతుంది; లోపలి అట్ట మీద మన వేళ్ళ అచ్చు కనబడుతుంది; గేరు మార్చేటప్పుడు చూపు కిందికి పోదు. నాకు ఇందుకు దాదాపు నెల పట్టింది. పలుచని తోలైతే ఇంకా ముందే కావచ్చు, మందమైన గేదె తోలైతే మరికొన్ని వారాలు పట్టవచ్చు. అప్పుడు తాళ్ళను మొదటినుంచి విప్పి మళ్ళీ కట్టుకోవాలి, ఎందుకంటే తోలు వెడల్పైనందువల్ల పాత బిగింపు వదులవుతుంది. గేరు లీవరును మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాక, శృంగవరపుకోట దారి పట్టవచ్చు.